గిట్ ట్యాగ్ నుంచి ప్రోగ్రాం ద్వారా ఫైళ్లను బయటికి తీస్తే బొమ్మలు తెరుచుకోవడం లేదు, కొన్ని ఫైళ్లు అసలు రావడం లేదు

ప్రశ్న

నమస్కారం. మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ, గిట్‌లో (ఫైళ్ల మార్పుల చరిత్రను భద్రపరిచే వ్యవస్థ) దానికి వేసిన ట్యాగ్ (ఆ వెర్షన్‌కు పెట్టిన గుర్తు పేరు) దగ్గర రిపాజిటరీలో ఉన్న ఫైళ్లన్నిటినీ పాత చరిత్ర లేకుండా ఒక మామూలు ఫోల్డర్‌లోకి తీసి, పరీక్షించే బృందానికి ఇవ్వాలి. ఇందుకోసం పైథాన్‌లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. అది లైనక్స్ సర్వర్ మీద నడుస్తుంది. ముందుగా గిట్ ఎల్ఎస్-ట్రీ కమాండ్‌ను -ఆర్, --నేమ్-ఓన్లీ ఆప్షన్లతో నడిపి ఫైళ్ల జాబితా తీసుకుంటాను. తర్వాత జాబితాలోని ఒక్కొక్క పేరుకూ గిట్ షో కమాండ్‌ను, ట్యాగ్ పేరు, కోలన్, ఫైలు పాత్ అనే రూపంలో నడిపి, వచ్చిన అవుట్‌పుట్‌ను అదే పేరుతో డిస్క్ మీద రాస్తాను. సబ్‌ప్రాసెస్ మాడ్యూల్‌లోని రన్ ఫంక్షన్‌కు టెక్స్ట్=ట్రూ ఇచ్చాను. మొదట్లో యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వచ్చి ప్రోగ్రాం ఆగిపోతుండడంతో ఎర్రర్స్=రీప్లేస్ అని కూడా చేర్చాను. అప్పటినుంచి ఆ ఎర్రర్ రావడం లేదు.

సోర్స్ కోడ్ ఫైళ్లన్నీ సరిగానే వస్తున్నాయి. కానీ పీఎన్‌జీ బొమ్మలు ఒక్కటీ తెరుచుకోవడం లేదు, పైగా వాటి పరిమాణం అసలు బొమ్మ కంటే దాదాపు రెట్టింపు ఉంటోంది. తెలుగు పేర్లున్న సహాయ ఫైళ్ల దగ్గరికి వచ్చేసరికి, అలాంటి పాత్ ఈ ట్యాగ్‌లో లేదని గిట్ చెబుతోంది. బయటి లైబ్రరీ ఒకటి ఉన్న ఫోల్డర్ దగ్గర గిట్ షో 128 అనే ఎగ్జిట్ కోడ్‌తో విఫలమవుతోంది. షెల్ స్క్రిప్టులు వస్తున్నాయి గానీ వాటికి ఎగ్జిక్యూట్ అనుమతి ఉండడం లేదు.

ఇంత శ్రమ లేకుండా, ట్యాగ్‌లోని ఫైళ్లను ఒకే కట్టగా తీసే గిట్ ఆర్కైవ్ కమాండ్ వాడవచ్చు గదా అని మీరు అడగవచ్చు. ముందు దానినే వాడాను. అయితే అందులో టెస్ట్స్ ఫోల్డర్ మొత్తంగా రాలేదు, ఎందుకు రాలేదో సందేశం కూడా ఏమీ లేదు. పరీక్షించే బృందానికి కావలసిందే ఆ ఫోల్డర్ కనుక సొంతంగా లూప్ రాసుకోవలసి వచ్చింది. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

జవాబు 1

మీరు చెప్పిన లక్షణాలకు కారణాలు వేరువేరు. నేను బొమ్మల సంగతి మాత్రం చెబుతాను.

ఇలాంటి సందర్భంలో కోడ్‌ను మళ్లీ మళ్లీ చదవడం కంటే, చెడిపోయిన ఫైలులోని మొదటి పది, పన్నెండు బైట్లను చూస్తే విషయం త్వరగా తేలుతుంది. పీఎన్‌జీ ఫైలు ఏదైనా సరే, దాని మొదటి ఎనిమిది బైట్లు దశాంశంలో 137, 80, 78, 71, 13, 10, 26, 10 అయి తీరాలి. ఈ వరుసను ఎంచుకున్నది కూడా సరిగ్గా మీకు వచ్చినటువంటి నష్టాన్ని పట్టుకోవడానికే. మొదటి బైటు 127 కంటే పెద్దది కాబట్టి, ఏడు బిట్ల మార్గం గుండా వెళితే అది పాడవుతుంది. 13, 10 జంట ఉన్నందువల్ల, మధ్యలో ఎవరైనా విండోస్ పంక్తి ముగింపును యూనిక్స్ పంక్తి ముగింపుగా మార్చితే 13 మాయమవుతుంది. చివర ఒంటరిగా ఉన్న 10, దానికి వ్యతిరేక దిశలో జరిగే మార్పును పట్టిస్తుంది.

మీ ఫైలును ఓడీ కమాండ్‌తో గానీ, పైథాన్‌లో ఆర్‌బీ మోడ్‌లో తెరిచి గానీ చూడండి. నా అంచనా ప్రకారం మీకు 239, 191, 189, 80, 78, 71, 10, 26, 10 కనిపించాలి. 137 అనే బైటు యూటీఎఫ్-8లో ఏ అక్షరానికీ మొదటి బైటు కాజాలదు. అందుకే మొదట్లో మీకు డీకోడ్ ఎర్రర్ వచ్చింది. ఎర్రర్స్=రీప్లేస్ ఇచ్చాక పైథాన్ ఫిర్యాదు చేయడం మానేసి, అర్థంకాని బైటు ఎదురైనప్పుడల్లా దాని స్థానంలో ప్రశ్నార్థకం ఉన్న వజ్రం గుర్తును పెట్టడం మొదలుపెట్టింది. ఆ గుర్తును తిరిగి యూటీఎఫ్-8లో రాస్తే 239, 191, 189 అనే మూడు బైట్లవుతుంది. కుదించిన బొమ్మలో దాదాపు సగం బైట్లు 127 కంటే పెద్దవే ఉంటాయి, వాటిలో ఎక్కువ భాగం ఒకటికి మూడు చొప్పున పెరుగుతాయి. పరిమాణం రెట్టింపు కావడానికి కారణం ఇదే. ఇక టెక్స్ట్=ట్రూ అన్నందువల్ల 13, 10 జంటలు, విడిగా ఉన్న 13లు కూడా ఒట్టి 10గా మారిపోయాయి. ఇదే ప్రోగ్రాంను విండోస్ మీద నడిపితే, రాసేటప్పుడు ప్రతి 10 ముందూ మళ్లీ ఒక 13 చేరుతుంది. అప్పుడు పాడైన తీరు ఇంకో రకంగా ఉంటుంది.

రీప్లేస్ వల్ల పోయిన సమాచారాన్ని ఏ ఉపాయంతోనూ తిరిగి రాబట్టలేం, ఎందుకంటే వేరువేరు బైట్లన్నీ ఒకే గుర్తుగా మారిపోయాయి. ఇప్పటికే ఇచ్చిన ఫోల్డర్లను పారేసి మళ్లీ తీయాల్సిందే. సరిచేయడం మాత్రం సులువు. టెక్స్ట్, ఎన్‌కోడింగ్, ఎర్రర్స్ అనే మూడు ఆర్గ్యుమెంట్లనూ తీసేయండి. అప్పుడు అవుట్‌పుట్ బైట్ల రూపంలోనే వస్తుంది. దాన్ని డబ్ల్యూబీ మోడ్‌లో తెరిచిన ఫైలులోకి రాయండి. గిట్ దృష్టిలో బ్లాబ్ (అది భద్రపరిచిన ఒక ఫైలు సారం) అంటే కొన్ని బైట్లు, అంతే. అది వచనమా బొమ్మా అనే నిర్ణయాన్ని మీ ప్రోగ్రాం చేయనక్కరలేదు. సరిపోల్చుకోవడానికి గిట్ క్యాట్-ఫైల్ కమాండ్‌కు -ఎస్ ఆప్షన్ ఇచ్చి, ట్యాగ్, కోలన్, పాత్ రాస్తే అసలు బ్లాబ్ పరిమాణం బైట్లలో చెబుతుంది. డిస్క్ మీది ఫైలు పరిమాణం దానితో అచ్చంగా సమానం కావాలి.

ఈ చర్చను చదివేవారిలో విండోస్ పవర్‌షెల్ వాడేవారు ఉంటే వారికొక మాట. విండోస్‌తో పాటు వచ్చే 5.1 వెర్షన్‌లో గిట్ షో అవుట్‌పుట్‌ను > గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే, పవర్‌షెల్ దాన్ని వచనంగా చదివి యూటీఎఫ్-16లో తిరిగి రాస్తుంది. పైథాన్ ప్రమేయమే లేకుండా ఇదే బాధ వస్తుంది. బైట్లను ముట్టుకోకుండా మళ్లించడం పవర్‌షెల్ 7.4 నుంచి వచ్చింది.

జవాబు 2

తెలుగు పేర్ల విషయం. మీ జాబితాను ఒకసారి తెర మీద ప్రింట్ చేసి చూడండి. తెలుగు అక్షరాల బదులు రెండు వైపులా డబుల్ కోట్లు, మధ్యలో వాలు గీతలతో అంకెలు కనిపిస్తాయి. ఉదాహరణకు "తె" తో మొదలయ్యే పేరు \340\260\244\340\261\206 అని మొదలవుతుంది. అవి ఆ అక్షరం, దాని గుణింతం గుర్తుల యూటీఎఫ్-8 బైట్లే, అష్టాంశ సంఖ్యలుగా రాసినవి. తెలుగు లిపిలోని ప్రతి అక్షరమూ 340\260 తో గానీ 340\261 తో గానీ మొదలవుతుంది కనుక చూడగానే గుర్తుపట్టవచ్చు. కోర్.కోట్‌పాత్ అనే సెట్టింగు సహజంగా ట్రూగా ఉంటుంది. దానివల్ల ఆస్కీ పరిధిలో లేని బైట్లున్న పేర్లను గిట్ ఇలా కప్పి చూపిస్తుంది. మీ ప్రోగ్రాం ఆ కోట్లతో, అంకెలతో సహా మొత్తాన్నీ పాత్ అనుకుని గిట్ షోకు తిరిగి ఇస్తోంది. అటువంటి పాత్ నిజంగానే ఆ ట్యాగ్‌లో లేదు.

ఆ సెట్టింగును ఫాల్స్ చేయమని చాలామంది చెబుతారు. నేను ఆ సలహా ఇవ్వను. అది తెలుగు అక్షరాల వరకు పనిచేస్తుంది గానీ, పేరులో డబుల్ కోటు, ట్యాబ్, కొత్త పంక్తి వంటివి ఉంటే కప్పడం అలాగే కొనసాగుతుంది. ఎల్ఎస్-ట్రీకి -జెడ్ ఆప్షన్ ఇవ్వండి. అప్పుడు ఏ పేరునూ కప్పదు, ప్రతి పేరు చివరా కొత్త పంక్తికి బదులు సున్నా బైటు ఉంటుంది. పైథాన్‌లో ఆ సున్నా బైటు దగ్గర విడగొట్టి, చివర మిగిలే ఖాళీ ముక్కను వదిలేస్తే సరి.

ప్రోగ్రాంను రిపాజిటరీలోని ఏదైనా లోపలి ఫోల్డర్ నుంచి నడిపిస్తున్నారా అనేది కూడా చూసుకోండి. ఎల్ఎస్-ట్రీ మీరున్న ఫోల్డర్ వరకే, అక్కడినుంచి లెక్కగట్టిన పాత్‌లను ఇస్తుంది. ట్యాగ్, కోలన్, పాత్ అనే రూపంలో మాత్రం పాత్‌ను రిపాజిటరీ మూలం నుంచి లెక్కిస్తారు. --ఫుల్-ట్రీ ఆప్షన్ ఇస్తే ఈ తేడా ఉండదు.

జవాబు 3

పై ఇద్దరూ చెప్పినవి నిజమే. కానీ వాటిని సరిచేసుకున్నాక కూడా ఈ లూప్‌ను ఉంచుకోవాలా అన్నది నా సందేహం. ఎల్ఎస్-ట్రీ నుంచి --నేమ్-ఓన్లీ తీసేసి చూస్తే ప్రతి పేరు ముందూ ఆరంకెల మోడ్ సంఖ్య కనిపిస్తుంది. 100644 అంటే మామూలు ఫైలు. 100755 అంటే ఎగ్జిక్యూట్ అనుమతి ఉన్న ఫైలు, మీ షెల్ స్క్రిప్టులు ఇవే. పేర్లు మాత్రమే తీసుకోవడంతో ఆ అనుమతి సమాచారం మీ ప్రోగ్రాం దాకా చేరనే లేదు. 120000 అంటే సింబాలిక్ లింకు. గిట్ షో దానికి లక్ష్యం పాత్‌ను వచనంగా ఇస్తుంది, కనుక మీ ఫోల్డర్‌లో లింకు స్థానంలో ఒక పంక్తి ఉన్న ఫైలు తయారై ఉంటుంది, వెతికి చూడండి. 160000 అంటే సబ్‌మాడ్యూల్. మీ బయటి లైబ్రరీ ఫోల్డర్ తప్పకుండా ఇదే అయి ఉంటుంది. అక్కడ ఉన్నది వేరే రిపాజిటరీలోని ఒక కమిట్ (చరిత్రలో భద్రపరిచిన ఒక స్థితి) సంఖ్య మాత్రమే. ఆ కమిట్ మీ రిపాజిటరీలో లేదు కాబట్టే గిట్ షో 128తో విఫలమైంది. వీటన్నిటినీ సొంతంగా చూసుకోవడమంటే గిట్ ఆర్కైవ్‌ను మళ్లీ మొదటినుంచి రాసుకోవడమే. పైగా ఫైలుకొక ప్రాసెస్ చొప్పున నడపడం పెద్ద రిపాజిటరీలో చాలా నెమ్మది.

అందుచేత అసలు ప్రశ్న టెస్ట్స్ ఫోల్డర్ ఎందుకు రాలేదన్నదే. ఏ ఫైలును గిట్ ఎలా చూడాలో చెప్పే మీ .గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలులో ఆ ఫోల్డర్ పేరు పక్కన ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ అని ఎవరో రాసి ఉంటారు. వినియోగదారులకు ఇచ్చే కట్టలో పరీక్షలు ఉండనక్కరలేదని చాలా ప్రాజెక్టుల్లో అలా రాస్తారు. గిట్ ఆర్కైవ్ ఆ మాటను గౌరవించి, చడీచప్పుడు లేకుండా ఫోల్డర్‌ను వదిలేస్తుంది. గిట్ చెక్-ఆట్ర్ కమాండ్‌తో ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ విలువను ఆ ఫోల్డర్‌కు అడిగితే తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది ఒకచోట చిక్కుకుంటారు. .గిట్‌ఆట్రిబ్యూట్స్ నుంచి ఆ పంక్తిని తీసేసి మళ్లీ ఆర్కైవ్ చేస్తారు, అయినా ఫోల్డర్ రాదు. కారణం ఏమిటంటే, ఆర్కైవ్ చూసేది మీ ముందున్న వర్కింగ్ ట్రీలోని (డిస్క్ మీద మీరు దిద్దుకునే ఫైళ్లలోని) ఫైలును కాదు, ఏ ట్యాగ్‌ను బయటికి తీస్తున్నారో ఆ ట్యాగ్‌లో అప్పట్లో భద్రమైన ఫైలును. పాత ట్యాగ్‌లో ఆ పంక్తి శాశ్వతంగా ఉంటుంది. వర్కింగ్ ట్రీలోని ఫైలును కూడా లెక్కలోకి తీసుకోవాలంటే --వర్క్‌ట్రీ-ఆట్రిబ్యూట్స్ అనే ఆప్షన్ ఉంది. కానీ సర్వర్ మీద నడిచే ప్రోగ్రాంకు అది నప్పదు, వర్కింగ్ ట్రీలో ఏ క్షణంలో ఏముంటుందో మన చేతిలో ఉండదు. దానికంటే రిపాజిటరీలోని .గిట్ ఫోల్డర్ లోపల, ఇన్‌ఫో అనే ఫోల్డర్‌లో, ఆట్రిబ్యూట్స్ పేరుతో ఫైలు పెట్టి, అందులో టెస్ట్స్ పేరు, ఖాళీ, -ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ అని రాయండి. ముందున్న మైనస్ గుర్తు ఆ లక్షణాన్ని రద్దు చేస్తుంది. ఈ ఫైలుకు .గిట్‌ఆట్రిబ్యూట్స్ కంటే ఎక్కువ ప్రాధాన్యం ఉంటుంది, కమిట్ చేయనక్కరలేదు, అన్ని ట్యాగ్‌లకూ వర్తిస్తుంది. పేరును మాత్రం .గిట్‌ఆట్రిబ్యూట్స్‌లో ఎలా రాశారో అలాగే రాయాలి. అక్కడ నక్షత్రం గుర్తులతో ఉంటే ఇక్కడా నక్షత్రం గుర్తులతోనే ఉండాలి.

పైథాన్ నుంచి నడిపేటప్పుడు టార్ ఫార్మాట్ (ఫైళ్లను కుదించకుండా ఒకటిగా కట్టేది) అడిగి, పోపెన్ ఇచ్చే ఎస్‌టీడీఅవుట్‌ను నేరుగా టార్‌ఫైల్ మాడ్యూల్‌కు ఇవ్వండి, మోడ్ ఆర్, దాని పక్కన నిలువు గీత. మధ్యలో తాత్కాలిక ఫైలు అవసరం ఉండదు. ఎక్స్‌ట్రాక్ట్‌ఆల్ ఫంక్షన్‌కు ఫిల్టర్=డేటా ఇవ్వడం మరచిపోవద్దు. పైథాన్ 3.12, 3.13లలో అది ఇవ్వకపోతే హెచ్చరిక వస్తుంది, 3.14 నుంచి అదే సహజ విలువ. చదవడం పూర్తయ్యాక గిట్ ప్రాసెస్ ఎగ్జిట్ కోడ్‌ను తప్పకుండా చూడండి, ట్యాగ్ పేరు తప్పుగా ఇస్తే గిట్ అవుట్‌పుట్ ఏమీ రాయకుండానే విఫలమవుతుంది. --ప్రిఫిక్స్ ఇస్తే చివర ముందుకు వాలిన గీత ఉండాలి. లేకపోతే ఫోల్డర్ ఏర్పడదు, ఆ మాట ప్రతి ఫైలు పేరుకూ ముందు అతుక్కుంటుంది.

సబ్‌మాడ్యూల్‌లోని ఫైళ్లను గిట్ ఆర్కైవ్ కూడా తీసుకురాదు, అక్కడ ఖాళీ ఫోల్డర్ మాత్రం పెడుతుంది. దానికి విడిగా ఆ సబ్‌మాడ్యూల్ రిపాజిటరీలో, ఎల్ఎస్-ట్రీ చూపిన కమిట్ సంఖ్యతో మరొకసారి ఆర్కైవ్ నడిపి, అదే ఫోల్డర్‌లోకి విప్పుకోవాలి.

ప్రశ్నకర్త

ముగ్గురికీ ధన్యవాదాలు. బొమ్మ మొదటి బైట్లు మొదటి జవాబులో చెప్పినట్టే 239, 191, 189తో మొదలయ్యాయి, 13 లేదు. లూప్‌ను పూర్తిగా తీసేసి గిట్ ఆర్కైవ్‌కు మారాను. ఇన్‌ఫో ఫోల్డర్‌లో ఆట్రిబ్యూట్స్ ఫైలు పెట్టగానే టెస్ట్స్ ఫోల్డర్ వచ్చింది. తెలుగు పేర్లు, అనుమతులు, సింబాలిక్ లింకులు సరిగా ఉన్నాయి, సబ్‌మాడ్యూల్‌ను కూడా విడిగా తీసి కలిపాను.

రెండు విషయాలు మిగిలాయి. పరీక్షలకు వాడే రెండు పెద్ద వీడియో ఫైళ్ల పరిమాణం డిస్క్ మీద నూట ముప్పై చిల్లర బైట్లే ఉంది. ఆశ్చర్యం ఏమిటంటే, నా సొంత లాగిన్‌తో అదే సర్వర్‌లో అదే కమాండ్ నడిపితే పూర్తి వీడియోలు వస్తున్నాయి. షెడ్యూల్ ప్రకారం సర్వీసు ఖాతా కింద నడిచినప్పుడు మాత్రమే ఇలా జరుగుతోంది. రెండోది, ఒకే ట్యాగ్‌ను రెండు సర్వర్ల మీద టార్.జీజెడ్‌గా (కుదించిన టార్‌గా) తీస్తే వాటి షా-256 విలువలు (ఫైలులోని బైట్ల నుంచి లెక్కగట్టే గుర్తింపు విలువలు) కలవడం లేదు. దీన్ని లోపంగా చూడాలా?

జవాబు 4

ఆ చిన్న ఫైళ్లను టెక్స్ట్ ఎడిటర్‌లో తెరవండి. వెర్షన్ అని ఒక పంక్తి, ఓఐడీ అని షా-256 విలువతో ఒక పంక్తి, సైజ్ అని ఒక పంక్తి కనిపిస్తాయి. అవి గిట్ ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లను వేరుగా దాచే గిట్ అనుబంధం) పాయింటర్లు. రిపాజిటరీలో నిజంగా ఉన్నది ఆ మూడు పంక్తులే. వీడియోలు వేరే నిల్వలో ఉంటాయి. ఫైళ్లను బయటికి తీసేటప్పుడు స్మడ్జ్ అనే ఫిల్టర్ ఆ పాయింటర్‌ను చదివి అసలు వీడియోను తెచ్చి దాని స్థానంలో పెడుతుంది. గిట్ ఆర్కైవ్ ఈ ఫిల్టర్లను నడుపుతుంది, గిట్ షో నడపదు. కనుక మీ పాత లూప్‌లోనూ ఇవి పాయింటర్లుగానే వచ్చి ఉంటాయి, అప్పట్లో ఎవరూ గమనించలేదంతే.

సర్వీసు ఖాతాలో తేడా ఎందుకంటే, గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్ అనే కమాండ్ ఫిల్టర్ వివరాలను సాధారణంగా దాన్ని నడిపిన వ్యక్తి హోమ్ ఫోల్డర్‌లోని గిట్ కాన్ఫిగ్‌లోనే రాస్తుంది. మీ లాగిన్‌లో అవి ఉన్నాయి. సర్వీసు ఖాతాకు వేరే హోమ్ ఫోల్డర్ ఉంటుంది, అందులో లేవు. ఫిల్టర్ ఉండి విఫలమైతే గిట్ ఎర్రర్ ఇస్తుంది. ఫిల్టర్ నిర్వచనమే లేకపోతే మాత్రం మౌనంగా పాయింటర్‌ను అలాగే రాసేస్తుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతితో గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్‌ను --సిస్టమ్ ఆప్షన్‌తో ఒకసారి నడిపిస్తే సర్వర్‌లోని ఖాతాలన్నిటికీ వర్తిస్తుంది. వీడియోలను కొత్తగా దింపుకోవలసి వస్తే ఆ ఖాతాకు ఎల్ఎఫ్ఎస్ నిల్వను చేరే అనుమతి కూడా ఉండాలి.

కాన్ఫిగ్‌ల తేడా పంక్తి ముగింపుల మీద కూడా పడుతుంది. కోర్.ఆటోసీఆర్ఎల్ఎఫ్ ట్రూగా ఉన్న యంత్రంలో ఆర్కైవ్ చేస్తే, గిట్ వచనంగా భావించిన ఫైళ్లన్నీ 13, 10 ముగింపులతో వస్తాయి, అప్పుడు షెల్ స్క్రిప్టులు లైనక్స్ మీద నడవవు. ఆర్కైవ్ నడిపేటప్పుడే -సీ ఆప్షన్‌తో ఆ సెట్టింగును ఫాల్స్ చేయండి.

షా-256 విషయానికి వస్తే, రెండు సర్వర్లలో గిట్ వెర్షన్లు ఒకటేనా? గిట్ 2.38 నుంచి టార్.జీజెడ్ కోసం బయటి జీజిప్ ప్రోగ్రాంకు బదులు గిట్‌లోనే ఉన్న కుదింపు కోడ్‌ను వాడుతున్నారు. లోపలి ఫైళ్లు ఒకటే అయినా కుదించిన బైట్లు మారతాయి. 2023 జనవరిలో గిట్‌హబ్ ఈ మార్పును అమల్లోకి తెచ్చినప్పుడు, సోర్స్ కట్టల చెక్‌సమ్‌లను రాసి పెట్టుకున్న ఎన్నో బిల్డ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి, దాంతో వారు దాన్ని వెంటనే వెనక్కి తీసుకున్నారు. రెండు సర్వర్లలోనూ పాత పద్ధతే కావాలంటే టార్.టార్.జీజెడ్.కమాండ్ అనే సెట్టింగులో జీజిప్ -సీఎన్ అని రాసుకోవచ్చు. నేనైతే కుదించకుండా టార్ తీసి దాని షా-256నే పోలుస్తాను. ట్యాగ్‌ను గానీ కమిట్‌ను గానీ ఇచ్చినప్పుడు ఫైళ్ల సమయంగా కమిట్ సమయాన్నే పెడతారు కనుక, రెండు చోట్లా ఫిల్టర్లు, సెట్టింగులు ఒకటే అయితే అవి కలవాలి. ట్యాగ్‌కు బదులు ట్రీ సంఖ్య (ఒక ఫోల్డర్ స్థితికి గిట్ ఇచ్చే సంఖ్య) ఇచ్చి ఉంటే మాత్రం తీసిన క్షణపు సమయం పడుతుంది, ఎన్నిసార్లు తీసినా కలవవు.

జవాబు 5

ఎల్ఎఫ్ఎస్, సబ్‌మాడ్యూల్ రెండూ ఉన్న రిపాజిటరీకి ఇంకొక దారి ఉంది. ఆర్కైవ్‌ను పక్కన పెట్టి, గిట్ క్లోన్‌ను --డెప్త్ 1, --బ్రాంచ్ పక్కన ట్యాగ్ పేరు, --రికర్స్-సబ్‌మాడ్యూల్స్ ఆప్షన్లతో నడిపించి, వచ్చిన ఫోల్డర్ నుంచి .గిట్‌ను తొలగించడం. సబ్‌మాడ్యూల్ లోపల .గిట్ అనేది ఫోల్డర్‌గా కాక ఫైలుగా ఉంటుంది, దాన్నీ తొలగించాలి. ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ బెడద ఇందులో లేదు. రిపాజిటరీ అదే డిస్క్ మీద ఉంటే మామూలు పాత్ ఇస్తే --డెప్త్‌ను గిట్ పట్టించుకోదు, పాత్ ముందు ఫైల్, కోలన్, ముందుకు వాలిన గీతలు రెండు చేర్చాలి. ఎల్ఎఫ్ఎస్ ఫిల్టర్ సర్వీసు ఖాతాకు కనబడాలన్న షరతు మాత్రం ఇక్కడా తప్పదు.

ప్రశ్నకర్త

--సిస్టమ్‌తో ఇన్‌స్టాల్ చేయించాక సర్వీసు ఖాతా కింద కూడా వీడియోలు పూర్తిగా వచ్చాయి. రెండు సర్వర్లలో ఒకదానిలో గిట్ 2.34, రెండోదానిలో 2.43 ఉన్నాయి. కుదించని టార్‌ల షా-256 విలువలు కలిశాయి. ప్రోగ్రాంలో ఆర్కైవ్‌నే ఉంచుతున్నాను. తీసిన ప్రతి ఫైలునూ తెరిచి, మొదటి పంక్తి ఎల్ఎఫ్ఎస్ పాయింటర్‌లా ఉంటే ఎర్రర్‌తో ఆగిపోయేలా ఒక తనిఖీ చేర్చాను.